పుస్తకం లేని పుస్తక సంభాషణ

ఇష్టమైన పుస్తకం గురించి ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటే మూడవ మనిషి పక్కన చేరి వినడంలో ఒక సుఖం ఉంది. ఆ మూడవ మనిషి ఇప్పుడు పక్కనే ఉండనక్కరలేదు. బయ్యారంలో మిరపచేను గట్టుమీద కూర్చునో, మహబూబాబాదు వెళ్ళే బస్సులో కిటికీకి తల ఆనించో, ఎక్కడో హైదరాబాదులోనో అమెరికాలోనో జరిగిన ఆ సంభాషణను తీరికగా వినవచ్చు. వీటిని పాడ్‌కాస్టులు అంటున్నాం. (2004లో బెన్ హామర్‌స్లీ అనే పాత్రికేయుడు ‘గార్డియన్’ పత్రికలో రాస్తూ, ఐపాడ్‌లోని సగాన్ని బ్రాడ్‌కాస్ట్‌లోని సగానికి అతికించి వాడిన మాట ఇది. తెలుగులో నలుగురూ ఒప్పుకున్న మాట ఇంకా స్థిరపడలేదు కనుక నేనూ దీన్ని అలాగే ఉంచుతున్నాను.)

వీటిని విడవకుండా వినేవారిలో నేనూ ఒకణ్ణి. వినగా వినగా ఏర్పడిన అభిప్రాయం ఒకటుంది. పుస్తకం గురించిన సంభాషణలో పుస్తకం వినిపించాలి. ఒక పేజీయో, అరపేజీయో, కనీసం నాలుగు వాక్యాలో రచయిత రాసినవి రాసినట్టుగా శ్రోత చెవిన పడాలి. గంటసేపు మాట్లాడుకున్నా అది జరగకపోతే, శ్రోతకు రచయితతో పరిచయం కలుగుతుందేమో గాని సాహిత్యంతో పరిచయం కలగదు. ఇది చిన్న తేడా అనిపించవచ్చు. కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా, వినడమంటేనే చిన్నచూపు ఉన్నవారికి ఒక మాట చెప్పాలి. “చదివే ఓపిక లేనివాళ్ళు వింటారు” అనే ధోరణి మన సాహితీపరులలో కనిపిస్తూ ఉంటుంది. ఈ ప్రాంతపు సాహిత్య చరిత్ర తెలిసినవారు ఆ మాట అనలేరు. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, పోతనది అని చెప్పుకునే బమ్మెర, రెండూ నేటి జనగామ జిల్లాలో ఒకే మండలంలో ఉన్నాయి. సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో రాశాడంటే, నలుగురూ కలిసి పాడుకోవడానికి, విని గుర్తుపెట్టుకోవడానికి వీలుగా ఉండాలనే కదా. పోతన భాగవత పద్యాలు అక్షరం ముక్క రాని వారి నోట కూడా ఆడాయంటే అవి చెవి ద్వారా చేరినవే. గ్రంథాలయోద్యమం రోజులలో చదువు రానివారి మధ్య కూర్చుని పత్రిక చదివి వినిపించడం ఒక నిత్య కార్యక్రమం. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది కూడా అటువంటి వాతావరణంలోనే. కనుక మనకు వినడం కొత్త విద్య కాదు.

అయితే ఆ పాత వినికిడిలో ఒక క్రమం ఉండేది. పురాణ కాలక్షేపం చేసే పౌరాణికుడు ముందు పద్యం చదువుతాడు. తర్వాత అర్థం చెబుతాడు. మధ్యలో ఒక పిట్టకథ చెబుతాడు, లోకం పోకడ మీద ఒక చెణుకు విసురుతాడు, మళ్ళీ పద్యానికే వస్తాడు. ఆ పిట్టకథ ఎంత దూరం పోయినా దాని కొస పద్యానికి కట్టి ఉంటుంది. ఇంటికి వెళ్ళే శ్రోత మనసులో వ్యాఖ్యానంతో పాటు మూలం కూడా, కనీసం ఒక పాదమైనా, నిలిచేది.

మూలం నిలవడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి బయ్యారం పెద్దచెరువును మించిన ఉదాహరణ నాకు తోచదు. కాకతీయ గణపతిదేవుడి (పాలన 1199–1262) సోదరి మైలాంబ తవ్వించిన చెరువు అది. ఆమె వేయించిన శాసనం ఆ చెరువును ధర్మకీర్తి సముద్రమని పిలుస్తుంది. కాకతీయుల తొలితరాల వారి పేర్లను వెన్ననృపుడి నుంచి వరుసగా చెబుతుంది. ఆ వంశపు మొదటి తరాల చరిత్రను కూర్చడంలో పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పరిశోధకులకు అది ముఖ్యమైన ఆధారమయింది. ఊరి వారికి అది ఎప్పుడూ పెద్దచెరువే. ధర్మకీర్తి సముద్రమన్న పేరు రాతిమీద ఉన్నది కాబట్టి, ఆ రాతిని చదవగలిగినవారు చదివి చెప్పారు కాబట్టి మనదాకా వచ్చింది. మైలాంబ గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా, శాసనపాఠాన్ని ఎవరూ చదివి వినిపించకపోతే ఆ పేరు గాని ఆ వంశక్రమం గాని మనకు దక్కేవి కావు. మాటలు గాలికి పోతాయి. పాఠం ఉంటే దాని చుట్టూ మళ్ళీ మాటలు పుట్టించుకోవచ్చు.

ఇప్పుడు మన తెలుగు సంభాషణల సంగతికి వస్తాను. ఈ రంగంలో జరిగిన పని తక్కువేమీ కాదు. కౌముది మాసపత్రిక సంపాదకులు కిరణ్‌ప్రభ రచయితల జీవితాల మీద, గ్రంథాల మీద చేస్తూ వచ్చిన ప్రసంగాలు (అవి సంభాషణలు కావు, ఒక్కరే చెప్పేవి) ఎందరికో పాత తెలుగు సాహిత్యపు తలుపులు తెరిచాయి. హర్షణీయం వారు కథలను చదివి వినిపించడం, రచయితలతోనూ అనువాదకులతోనూ మాట్లాడటం, ఈ రెండు పనులనూ జతగా చేస్తూ వచ్చారు. దాసుభాషితం శ్రవణపుస్తకాల మీద దృష్టి పెట్టింది. పుస్తకాల దుకాణం అందుబాటులో లేని ఊళ్ళో ఉండేవారికి ఇవన్నీ ఎంత ఉపకారమో మాటల్లో చెప్పడం కష్టం.

నా అసంతృప్తి వీరిలో ఏ ఒక్కరి మీదా కాదు. వీరి తర్వాత, వీరిని చూసి పుట్టుకొచ్చిన అనేక సంభాషణలలో స్థిరపడిపోయిన ఒక మూస మీద. మీరు ఎక్కడ పుట్టారు, మొదటి కథ ఎప్పుడు రాశారు, మీమీద ఎవరి ప్రభావం ఉంది, ఉదయం రాస్తారా రాత్రి రాస్తారా, ఆ బహుమతి వచ్చినప్పుడు ఎలా అనిపించింది, యువ రచయితలకు మీరిచ్చే సలహా ఏమిటి... ఈ ప్రశ్నలన్నీ వరుసగా వస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ అడగకూడని ప్రశ్న కాదు. కాని వీటన్నిటికీ ఉమ్మడి గుణం ఒకటుంది: ఇవి అడగడానికి ఆ రచయిత పుస్తకం తెరవనక్కరలేదు. జవాబులు విని ఆనందించడానికి శ్రోతకూ ఆ అవసరం లేదు. ఇలా ఇద్దరికీ సౌకర్యంగా ఉండబట్టే ఈ మూస ఇంతగా అల్లుకుపోయింది.

“నాకిష్టమైన పుస్తకాలు” అనే శీర్షికతో వచ్చేవాటిలో మరో రకం ఇబ్బంది. అతిథి పది నిమిషాలలో పదిహేను పుస్తకాల పేర్లు చెబుతాడు. ప్రతి పేరు తర్వాత “అద్భుతం” అనో, “నన్ను కదిలించేసింది” అనో ఒక మాట. ఎందుకు కదిలించింది, ఏ పుటలో, ఏ మాట దగ్గర అని అడిగేవారు ఉండరు. ఇష్టం అనేది చాలా వ్యక్తిగతమైనదే. కాని దానికి కారణం మాత్రం ఎప్పుడూ పుస్తకంలో ఒక నిర్దిష్టమైన చోట ఉంటుంది. ఆ చోటు చూపించినప్పుడే ఒకరి ఇష్టం మరొకరికి అందుతుంది.

మా జిల్లా రచయితలనే తీసుకుని ఈ విషయం పరిశీలించి చూద్దాం. దాశరథి సోదరులు పుట్టింది చిన్నగూడూరులో. అది ఇప్పుడు, బయ్యారం లాగానే, మహబూబాబాదు జిల్లాలో ఉంది. దాశరథి కృష్ణమాచార్య (1925–1987) గురించి ఏ సంభాషణ విన్నా నిజామాబాదు జైలు వస్తుంది. జైలుగోడ మీద బొగ్గుతో పద్యాలు రాయడం వస్తుంది. అక్కడ ఆయనతో పాటు ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి వస్తాడు. ఇదంతా చెప్పుకోదగిన కథే, ఎన్నిసార్లు విన్నా ఒళ్ళు పులకరించే కథే. కాని ఆయనకు 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిన ‘తిమిరంతో సమరం’ నుంచి ఒక ఖండికను నిదానంగా చదివి, ఇందులో మాట ఎలా నడిచింది, లయ ఎక్కడ విరిగింది, ఆ విరుపు ఎందుకు అని ఆలోచించిన సంభాషణ ఎప్పుడు విన్నాం? గాలిబ్‌ను తెలుగు చేసినప్పుడు ఉర్దూ గజలులో ఏది దక్కింది, ఏది జారిపోయింది అని రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి వినిపిస్తే ఎంత బాగుంటుంది! అటువంటిది చేయడానికి కాగితం కంటే కంఠమే అనువైనది. ఆ అవకాశాన్ని మనం జీవితచరిత్ర చెప్పుకోవడంలో ఖర్చు పెట్టేస్తున్నాం.

తమ్ముడు దాశరథి రంగాచార్య (1928–2015) విషయంలో ఈ నష్టం ఇంకా ఎక్కువ. ‘చిల్లరదేవుళ్ళు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలలు నిజాం కాలపు తెలంగాణ పల్లె చరిత్రగా అందరూ ఉటంకించేవే. వాటి చరిత్ర విలువ గురించి మాట్లాడినంతగా వాటి రాత గురించి మాట్లాడరు. ‘చిల్లరదేవుళ్ళు’లో దొర గడీ ఉన్న పల్లెను, బయటినుంచి వచ్చిన ఒక సంగీతకారుడి రాకతో తెరవడం ఎందుకు? ఊళ్ళో పుట్టి వెట్టిచేసే మనిషి కళ్ళతో మొదలుపెడితే ఆ నవల ఏమయ్యేది? రంగాచార్య వాక్యాలు పొట్టివి. నాలుగైదు మాటలకు ఆగిపోతాయి. కంటితో చదివేటప్పుడు కొందరికి అవి విసుగు కలిగిస్తాయి కూడా. ఒక్కసారి పైకి చదివి చూడండి, ఆ పొట్టితనం కథ చెప్పేవాడు ఊపిరి తీసుకునే తీరని తెలుస్తుంది. పాత్రలు మాట్లాడేటప్పుడు మన యాస, అధికారుల నోటి ఉర్దూ ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. అచ్చులో ఆ మాటలకు అక్షరాలు మాత్రమే ఉంటాయి. ఆ యాస తెలిసిన గొంతు చదివితే వాటిలో భయం, వెటకారం, లొంగుబాటు, ధిక్కారం అన్నీ వినిపిస్తాయి. ఇది రెండు నిమిషాల పని. రచయిత బాల్యం గురించిన అరగంట దీనికి సాటిరాదు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బయ్యారం చుట్టుపక్కల కోయగూడేలు, లంబాడీ తండాలు ఉన్నాయి. లంబాడీ భాషకు సొంత లిపి లేదు. ఆ తండాలో పెరిగి తెలుగు బడిలో చదువుకున్న అమ్మాయి తెలుగు నవలను ఎలా చదువుతుంది, తమవారి గురించి అందులో రాసిన వాక్యం దగ్గర ఎందుకు ఆగుతుంది? ఇటువంటి ప్రశ్నకు తావు ఇవ్వగలిగిన ప్రక్రియ పాడ్‌కాస్టు. ఆమె అచ్చులో వ్యాసం రాసే వరకూ ఆగనక్కరలేదు, తన మాటల్లో చెప్పవచ్చు. కాని అప్పుడు కూడా ముందు ఆ వాక్యాన్ని చదవాలి. చదివి, ఇదిగో ఇక్కడ, అని వేలు పెట్టి చూపాలి. లేకపోతే ఆ చర్చ మనోభావాల గురించిన సాధారణ చర్చగా తేలిపోతుంది.

ఇదేమీ సాధ్యంకాని ఆదర్శం కాదు. చేసి చూపినవారున్నారు. ‘న్యూయార్కర్’ పత్రిక 2007లో మొదలుపెట్టిన కథల పాడ్‌కాస్టులో ఒక రచయిత, ఆ పత్రిక పాత సంచికలలో అచ్చయిన వేరొకరి కథను ఎంచుకుంటారు. దాన్ని మొదటినుంచి చివరిదాకా చదువుతారు. ఆ తర్వాత సంపాదకురాలు డెబొరా ట్రైస్‌మన్‌తో దాని గురించి మాట్లాడతారు. శ్రోతకు కథ అంతా చెవిలో ఉంటుంది కనుక వారి మాటలతో ఏకీభవించవచ్చు, విభేదించనూ వచ్చు. విభేదించే హక్కు ఉండడమే ఇక్కడ అసలు సంగతి. బీబీసీ వారి ‘ఎ గుడ్ రీడ్’ కార్యక్రమంలో ముగ్గురు తలా ఒక ఇష్టమైన పుస్తకం తెస్తారు. మిగతా ఇద్దరూ దాన్ని చదివి వస్తారు. ఒకరికి ప్రాణప్రదమైన పుస్తకం మరొకరికి నచ్చకపోతే మర్యాదగానే ఆ మాట చెబుతారు. అదే సంస్థ 2002లో ప్రారంభించిన ‘వరల్డ్ బుక్ క్లబ్’లో రచయితను పిలిచేది జీవితకథ చెప్పించడానికి కాదు, ఒక నిర్ణీతమైన పుస్తకం మీద పాఠకుల ప్రశ్నలకు జవాబు చెప్పించడానికి. ఈ మూడింటిలోనూ అందరూ పుస్తకం చదివి కూర్చుంటారు. మన పౌరాణికుడు పాటించిన క్రమం కూడా అదే కదా!

“చదివి వినిపించాలంటే కాపీరైటు అడ్డం వస్తుంది” అని కొందరు అంటారు. నిజానికి అడ్డు మనం అనుకున్నంత పెద్దది కాదు. మన దేశంలో 1957 చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం మొదలుకొని 60 సంవత్సరాల వరకే హక్కులు ఉంటాయి. వట్టికోట ఆళ్వారుస్వామి, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఇద్దరూ 1961లోనే పోయారు. అంటే 2022 జనవరి 1 నుంచి ‘ప్రజల మనిషి’ని గాని, శ్రీపాద వారి కథలను గాని పూర్తిగా చదివి వినిపించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డి రచనలకు అంతకు ముందునుంచే ఆ స్వేచ్ఛ ఉంది. దాశరథి సోదరుల రచనలకు ఇంకా హక్కులు ఉన్నాయి. అయినా విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయమైన మేరకు ఉదాహరించడాన్ని చట్టం అనుమతిస్తూనే ఉంది. అంతకంటే ఎక్కువ కావాలనుకుంటే రచయితనో, వారసులనో అడగవచ్చు. ఒక పేజీ చదువుతామంటే కాదనే రచయిత ఉంటాడని నేను అనుకోను.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. రచయిత జీవితం అసలే అక్కరలేదా? బ్రతికి ఉన్నప్పుడు వారి గొంతును భద్రపరచడం కూడా ఒక బాధ్యత కాదా? తప్పకుండా బాధ్యతే. ఒక తరం రచయితల జ్ఞాపకాలు వారితోనే వెళ్ళిపోతున్నాయి, వాటిని పట్టి ఉంచేవారికి మనమంతా ఋణపడి ఉంటాం. ఆళ్వారుస్వామి జైలుకు వెళ్ళాడని తెలిస్తే ‘జైలు లోపల’ కథలను మరింత శ్రద్ధగా చదువుతాం. పుస్తకాల మూట మోసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మినవాడని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించినవాడని తెలిస్తే ఆయన నవలలో మనుషుల పట్ల ఉన్న ఆ చనువు ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. కాని గమనించండి, ఈ రెండు చోట్లా జీవితం మనలను పుస్తకం వైపు నడిపించింది. అలా నడిపించే జీవితకథ ఎంతసేపు చెప్పినా నాకు ఆక్షేపణ లేదు. పుస్తకం దాకా వెళ్ళకుండా మధ్యలోనే తృప్తిపరచి వెనక్కి పంపే జీవితకథ గురించే నా బాధ.

ఆ తృప్తి ఎంత ప్రమాదకరమో చివరిగా చెబుతాను. 2025 జూలై 22కి దాశరథి పుట్టి నూరేళ్ళు నిండాయి. ఆయన పేరు మా జిల్లాలో తెలియనివారు లేరు. బడిపిల్లలు కూడా చెబుతారు. పేరు తెలియడం ఎక్కువై, పద్యం తెలియడం తక్కువైతే కొంతకాలానికి కవి ఒక విగ్రహంగా మాత్రమే మిగులుతాడు. సంభాషణ విని, “ఓహో, దాశరథి గురించి నాకు తెలుసు” అనుకునే శ్రోత, ఏమీ వినని శ్రోత కంటే పుస్తకానికి దూరంగా ఉంటాడు. వినని వాడికి ఆకలైనా ఉంటుంది.

ఆకలి పుట్టించినవారు అన్నం ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాలి కదా. సంభాషణ చివర ఆ పుస్తకం ఇప్పుడు అచ్చులో ఉన్నదా, ఎవరు ప్రచురించారు, వెల ఎంత, తపాలాలో ఎలా తెప్పించుకోవాలి అని అర నిమిషం చెప్పడం కష్టమేమీ కాదు. నగరంలో ఉన్నవారికి ఇది అనవసరంగా తోచవచ్చు. బయ్యారం వంటి మండలకేంద్రంలో ఉండేవారికి అది చాలా విలువైన అర నిమిషం. అలాగే గ్రంథాలయాలను మనం మరచిపోకూడదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మన దగ్గర వసూలవుతోంది. ఆ పైసలు మనవే. విన్న పుస్తకం గ్రంథాలయంలో లేకపోతే, తెప్పించమని ఒక కాగితం రాసి ఇచ్చే హక్కు మనకుంది. పది మంది అలా రాసి ఇస్తే, మా జిల్లా గ్రంథాలయాలలో మా జిల్లా రచయితల పుస్తకాలైనా పూర్తిగా ఉండేలా చూడమని అడగడానికి బలం వస్తుంది.

సంభాషణలు నిర్వహించేవారికి నా విన్నపం ఇంతే. అతిథిని పిలిచేముందు ఒక పుస్తకం చదవండి. అందులో ఒక పేజీ ఎంచుకోండి. దాన్ని రచయిత చేతనే చదివించండి, లేదా మీరు చదవండి. ఆ తర్వాత ఆ పేజీ గురించే మొదటి ప్రశ్న అడగండి. పుట్టిన ఊరూ, బహుమతులూ దాని వెనక వాటంతట అవే వస్తాయి.

ఇక వినేవారికి: ఈసారి ఏదైనా పుస్తక సంభాషణ విన్న తర్వాత, ఆ పుస్తకంలోని ఒక్క వాక్యమైనా మీకు గుర్తున్నదా అని మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి. గుర్తుంటే ఆ నిర్వాహకులకు ధన్యవాదాలు చెబుతూ నాలుగు మాటలు రాయండి. లేకపోతే, వచ్చేసారి ఒక పేజీ చదవమని కోరుతూ రాయండి. వారూ మనలాగే పుస్తకాల మీద ప్రేమతో ఈ పని చేస్తున్నవారే కనుక కాదనరనే నా నమ్మకం.